మదర్‌బోర్డుకో పప్పుగుత్తి

సొంతంగా కంప్యూటర్ తయారుచేసుకోవాలని ఉత్సాహపడే యువతీయువకులు కాలిఫోర్నియాలోని మా శాన్ రామన్‌లో నాకు ఎక్కడ తారసపడినా ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఆంటీ, ఏ మదర్‌బోర్డు కొనమంటారు?" ఉద్యోగాన్ని నేను వదిలిపెట్టి కొన్నేళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. నేను ఏ బోర్డు పేరూ చెప్పను. బదులుగా ఒక శనివారం సంగతి చెబుతాను. అంకెలను తప్ప మరి దేనినీ నమ్మని నాకు, అంకెలన్నీ సరిగ్గానే ఉండి, తీర్పు మాత్రం తలకిందులైన శనివారం అది. నా ఉద్యోగ జీవితంలో అంతగా నవ్విన రోజు కూడా మరొకటి లేదు.

మా ప్రయోగశాల పక్క ఊరు డబ్లిన్‌లో, ఫ్రీవేను ఆనుకుని ఉన్న ఒక గిడ్డంగి వెనుక భాగంలో ఉండేది. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఒక దుకాణాల సంస్థ కోసం, ఏ వస్తువు కొనదగినదో ఏది కాదో పరీక్షించి నివేదిక ఇవ్వడం మా పని. మదర్‌బోర్డుల విభాగం నాది. తెలియనివారి కోసం ఒక్క మాట: కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాలన్నీ వచ్చి కూర్చునే పలకే మదర్‌బోర్డు. పలక మంచిదైతే మిగిలినవి మంచిగా నడుస్తాయి.

నా బల్ల దగ్గర "బాగుంది" అనే మాట నిషిద్ధం. ఎంత బాగుంది, ఏ వేడి దగ్గర బాగుంది, ఎంతసేపు బాగుంది అన్నది అంకెల్లో చెప్పలేనివారు మరునాడు అందరికీ పులిహోర తేవాలి. ఈ నియమం పుణ్యమా అని మా నివేదికలు క్లుప్తంగానూ, మధ్యాహ్న భోజనాలు పుష్కలంగానూ ఉండేవి. అందరికంటే ఎక్కువసార్లు పులిహోర తెచ్చినవాడు మా కరీంనగర్ సహోద్యోగి. చేయి తిరిగిన ఇంజనీరు. నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు. ఆ పులిహోర కలిపేది అతని భార్య. ఆమెది వరంగల్. ఒకసారి ఫోనులో నాతో, "మేడమ్, ఆయనతోని ఇంకో రెండు మాట్లు ఆ మాట అనిపియ్యిర్రి. ఇంట్ల చింతపండు మస్తున్నది" అంది.

పరీక్షించే పద్ధతి కూడా చెప్పాలి. బోర్డును క్యాబినెట్ పెట్టెలో బిగించేవాళ్ళం కాదు. రబ్బరు కాళ్ళున్న ఒక చదునైన పీట మీద దాన్ని పడుకోబెట్టి, గ్రాఫిక్స్ కార్డును పైనుంచి దాని గాడిలోకి దింపి, తీగలు తగిలించి, రోజుల తరబడి బరువైన పనులు చేయించేవాళ్ళం. అలా అయితే భాగాలు మార్చడం తేలిక. కొలిచే పరికరం కొన ఎక్కడికైనా అందుతుంది. ఈ రంగంలో చాలామంది పాటించే పద్ధతే అది. మాకంటే ముందున్నవారూ అలాగే చేశారు, మేమూ అలాగే చేశాం.

నా ఉద్యోగ విరమణకు ముందరి ఏడాది మా దగ్గరికి ఒక బోర్డు వచ్చింది. ఆ ఏడాది మేము చూసినవాటిలో అత్యంత ఖరీదైనది. వేడిని లాగే లోహపు దిమ్మెలు బరువుగా, నునుపుగా ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే గాడికి తళతళలాడే ఉక్కు తొడుగు ఉంది. మెరుపును నేను లెక్కలోకి తీసుకోను. కొలిచాను. విద్యుత్తు నిలకడ, వేడి, మెమరీ వేగం, ఏది చూసినా మిగిలిన బోర్డులకు అందనంత ఎత్తులో ఉంది. "నిస్సందేహంగా సిఫారసు చేయదగినది" అని రాసి సంతకం చేశాను. "నిస్సందేహంగా" అన్న మాట నేను రాయడం అదే మొదలు. దుకాణంలో ఆ బోర్డు కింద మా సిఫారసు అట్ట వేలాడింది. దాన్ని కొన్న తొలి వ్యక్తుల్లో మా కరీంనగర్ మిత్రుడు ఒకడు. కొన్నది తన కోసం కాదు, భార్య కోసం.

ఆమె వరంగల్‌లో పెళ్ళి వీడియోలు కూర్చి చిత్రాలుగా మలిచేది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, డిపెండెంట్ వీసా మీద పని చేసే వీలు లేక ఏళ్ళ తరబడి ఇంటికే పరిమితమైంది. ఆ ఏడాదే వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. వచ్చిన వెంటనే ఒక అవకాశమూ వచ్చింది. డబ్లిన్‌లోని ఒక తెలుగు కుటుంబం తమ అమ్మాయి పెళ్ళి విజయవాడలో చేసుకుని వచ్చింది. ఇక్కడి బంధుమిత్రులకు ఆదివారం రిసెప్షన్. ఆ సభలో పెళ్ళిని సినిమాలా తెర మీద చూపించాలి. ఎన్నో గంటల వీడియోను ఆమె చేతికిచ్చారు. ఆ చిత్రం ఆడితే ఆమెకు ఈ ఊళ్ళో పని ఉన్నట్టు. ఆడకపోతే రెండో పిలుపు రానట్టే.

ఆ వారం మొదట్లో మా మిత్రుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"మేడమ్, మా ఇంట్ల బోర్డు నడుమల బందైతాంది. సినిమా మొత్తం కలిపి ఫైల్ చేస్తుంటే, స్క్రీన్ నల్లగైపోయి మల్ల మొదటికొస్తాంది."

"ఎంతసేపటికి ఆగుతోంది?"

"ఒకసారి జల్దిన, ఒకసారి ఆలస్యంగ."

"అంటే నీ దగ్గర అంకె లేదన్నమాట."

"అంకె లేదు మేడమ్, అవస్థ ఉన్నది."

పవర్ సప్లై మార్చాడు. మెమరీ మార్చాడు. సాఫ్ట్‌వేర్ అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాడు. ఫలితం లేకపోవడంతో బోర్డునూ దాని మీది భాగాలన్నిటినీ విప్పి మా ప్రయోగశాలకు తెచ్చాడు. పీట మీద పరిచాం. ఉదయం నుంచి సాయంత్రం దాకా, ఆమె చేస్తున్న పనికి రెట్టింపు పని చేయించాం. ఒక్కసారి కూడా తొట్రుపడలేదు. నేను గంభీరంగా ప్రకటించాను: "దోషం బోర్డులో లేదు. మీ ఇంట్లో ఉంది."

"ఇల్లు కిరాయిది మేడమ్. రిటర్న్ తీసుకోరు," అన్నాడు.

తీసుకెళ్ళి మళ్ళీ పెట్టెలో బిగించాడు. మళ్ళీ ఆగింది. ఈసారి ఫోను ఆమె చేసింది. "మేడమ్, మీ కాడ బుద్ధిమంతురాలు, మా ఇంట్ల రాకాసి. అచ్చం మా బిడ్డ లెక్కనే ఉన్నది. బడిల టీచర్ ముందట ఒక తీరు, ఇంటికొస్తే ఒక తీరు." ఆమె నవ్వుతూనే అన్నది కాని, ఆ నవ్వు వెనుక ఆదివారం ఉంది. ప్రయోగశాలలో సొంత పనులు చేసుకోవడానికి సంస్థ ఒప్పుకోదు. అతని ల్యాప్‌టాప్‌లో చేద్దామంటే అది మరుసటి ఆదివారానికి కూడా ముగించేది కాదు.

శనివారం ఉదయం నా పరికరాల సంచీతో శాన్ రామన్‌లోని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. తలుపు తీయగానే గోడలోని ప్లగ్గులన్నీ వరసగా కొలవడం మొదలుపెట్టాను. నూట ఇరవై వోల్టులు ఉండవలసిన చోట నూట ఇరవైయే ఉంది. గది వేడి చూశాను, పెట్టె లోపలి వేడి చూశాను. కార్పెట్ మీద స్థిర విద్యుత్తు ఉందేమోనని చెప్పులు విడిచి నడిచి చూశాను.

ఆమె టీ కప్పు పట్టుకుని నా వెనకాలే తిరుగుతోంది. "మేడమ్, ఎవరన్న ఇంటికొస్తే చాయ్ తాగుతరు. మీరేంది, గోడలకు జ్వరం చూస్తుండ్రు?"

"గోడలు ఆరోగ్యంగానే ఉన్నాయమ్మా."

"మరి రోగం ఎవరికి?"

పని మొదలుపెట్టి చూపించమన్నాను. నా కళ్ళెదుటే ఆమె మొదలుపెట్టింది. తెర మీద పూర్తయిన భాగాన్ని చూపే గీత సగం దాటింది. తెర నల్లబడింది. ఫ్యాన్లు ఒక్కసారి గర్జించాయి, అంతా మొదటికి వచ్చింది. ఆమె లేచి వెళ్ళి, దోసెల పెనం కింద మంట ఆర్పి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

బోర్డు మీద అచ్చువేసిన తయారీ వివరాలు చదవాలని నాకు అప్పుడు తోచింది. అక్షరాలు ఆవగింజలంత. పెట్టె నిలబడి ఉంటే నా కళ్ళజోడుకు అందడం లేదు. దాన్ని కార్పెట్ మీద పక్కకు పడుకోబెట్టమని మా మిత్రుణ్ణి అడిగాను.

"మీరు చూసేది చూడుర్రి, నేను నడిపించేది నడిపిస్త," అని ఆమె వెంటనే పని మొదలుపెట్టింది. చిత్రం మొత్తం కాకుండా, ప్రతిసారీ మధ్యలో ఆగిపోతున్న తలంబ్రాల ఘట్టాన్ని మాత్రం విడిగా తీసుకుంది.

నేను నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి అక్షరాలు చదువుతున్నాను. వాళ్ళ ఐదేళ్ళ పాప నా పక్కన చతికిలబడి, "ఆంటీ, కంప్యూటర్ న్యాప్ తీసుకుంటుందా?" అని అడిగింది. అవునన్నాను. అప్పుడే కుర్చీలో నుంచి వాళ్ళమ్మ కేక వినిపించింది.

"అయింది! మేడమ్, అయిపోయింది! తలంబ్రాలు పూర్తిగొచ్చినయ్!"

మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. ఏం జరిగిందో తెలియకుండానే పాప కూడా గెంతింది. "బాగుంది మేడమ్, మస్తు బాగుంది!" అన్నాడు మా మిత్రుడు.

"సోమవారం పులిహోర," అన్నాను అలవాటు కొద్దీ. తరవాత అసలు ప్రశ్న వేశాను. "ఇంతవరకూ కానిది ఇప్పుడెందుకైంది? ఏమి మారింది?"

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. విద్యుత్తు మారలేదు. వేడి మారలేదు. భాగాలూ మారలేదు. మారింది ఒక్కటే. పెట్టె పడుకుంది.

"నిలబెట్టు," అన్నాను.

నిలబెట్టాడు. అదే ఘట్టం, అదే పని. కాసేపటికే తెర నల్లబడింది. పడుకోబెట్టాడు. పూర్తయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, వేల కొలతల్లో, ఏనాడూ కొలవని సంగతి కళ్ళ ముందు కార్పెట్ మీద పడుకుని ఉంది. మా పీట మీద ప్రతి బోర్డూ పడుకునే ఉంటుంది. ఇళ్ళలో ప్రతి బోర్డూ నిలబడే ఉంటుంది. వాళ్ళు నిలబెట్టి వాడుకునేదాన్ని మేము పడుకోబెట్టి పరీక్షించి, అట్ట మీద సంతకం చేసి పంపుతున్నాం.

"ఇంకొక్కసారి నిలబెట్టు. రెండుసార్లంటే కాకతాళీయం కావచ్చు..."

మాట పూర్తి కాకముందే ఆమె వచ్చి పెట్టెకూ నాకూ మధ్య నిలబడింది.

"ముట్టుకునేది లేదు మేడమ్."

"అమ్మా, రుజువు..."

"మీకు రుజువు కావాలె, నాకు సినిమా కావాలె. రేపు హాల్ల తెర మీద మీ రుజువు వేస్తే సుట్టాలు చూస్తరా?"

మా మిత్రుడు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. నన్ను ప్రయోగశాలలో ఎవరూ అలా అడ్డుకోలేదు. ఆమె వాదనలో నాకు లోపం దొరకలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆమె భోజనాల బల్ల కుర్చీలను తెచ్చి పడుకున్న పెట్టె చుట్టూ కంచెలా పేర్చింది. చిత్రం మొత్తాన్నీ మొదలుపెట్టింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ చప్పుడు చేస్తూ నడవలేదు. పాప వేలు పెదవుల మీద పెట్టుకుని కాపలా కాసింది. మేము దోసెలు కూడా గుసగుసగానే తిన్నాం. "చట్నీ అందుకోండి" అన్న మాట రహస్యంలా చెప్పుకోవడం నాకు ఆ ఒక్క రోజే తటస్థపడింది. గీత సగం దాటింది, ముప్పావు దాటింది. కిటికీలో ఇంకా ఎండ ఉండగానే చివరికి చేరింది.

ఆమె ఆ ఫైలును మూడు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించింది. ఒకటి తన సంచిలో, ఒకటి భర్త జేబులో, మూడోది నా చేతిలో పెట్టింది. "మేమిద్దరం రోడ్డు మీద ఆగిపోయినా మీరు హాలుకు చేరాలె" అంది. తరవాత కుర్చీలు తొలగించి, కచేరీకి వేదిక ఖాళీ చేసినట్టు చేయి చాపింది. "ఇగ మీ ఇష్టం మేడమ్. ఎన్నిసార్లన్న నిలవెట్టుర్రి."

నిలబెట్టి, పక్కనున్న గాజు మూత తీసి, లోపలికి స్కేలు పెట్టాను. పీట మీద గ్రాఫిక్స్ కార్డు నిటారుగా ఉంటుంది, దాని బరువే దాన్ని గాడిలోకి నొక్కుతుంది. నిలబడిన పెట్టెలో అదే కార్డు గోడకు కొట్టిన అలమర పలకలా అడ్డంగా వేలాడుతుంది. దాని బయటి కొన మూడు మిల్లీమీటర్లు కిందికి వాలి ఉంది. వేడెక్కినకొద్దీ వాలు పెరుగుతోంది. గాడిలో ఎక్కడో సంబంధం తెగుతోంది. ఒక వేలితో కొనను పైకెత్తి పట్టుకున్నాను. నడిచింది. వేలు తీశాను. కొంతసేపటికి ఆగింది.

"దొరికింది," అన్నాను. అది అంకె కాదు. అయినా నా సంతోషాన్ని దాచుకోలేకపోయాను.

"మంచిదే మేడమ్, ఇంతకు మీ వేలు ఇక్కడ్నే ఇడిచిపెట్టి పోతరా?" అని అడిగింది ఆమె.

కార్డు కింద ఊతం కావాలి. లోహం పనికిరాదు, తగలరాని చోట తగిలితే బోర్డు కాలిపోతుంది. చెక్క కావాలి, ఎత్తు కుదరాలి. వంటింట్లోకి వెళ్ళి వెతికాను. గరిటెలు పొట్టివి. చపాతీల కర్ర గుండ్రంగా దొర్లుతుంది. గోడకు వేలాడుతున్న పప్పుగుత్తి కనిపించింది. దాని తల వెడల్పుగా ఉంది, పెట్టె అడుగున కదలకుండా నిలుస్తుంది. కాడ నిటారుగా ఉంది. కొలిచాను. ఎత్తు కొద్దిగా ఎక్కువైంది.

"కొస కొంచెం కోద్దామా?" అన్నాడు మా మిత్రుడు రంపం కోసం చూస్తూ.

"నీ చెయ్యి కోస్త. మా అమ్మ వరంగల్ నుంచి పంపింది అది."

చివరికి పప్పుగుత్తిని కోయలేదు. కొద్దిగా ఏటవాలుగా పెట్టి, జారకుండా తల కింద ఒక అట్టముక్కను మడిచి దోపాం. కార్డు సమతలానికి వచ్చింది. పెట్టె నిలబడే, ఆగకుండా, అదే చిత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా మరోసారి తయారుచేసింది. మేము నలుగురం దాని ముందు నేల మీద కూర్చుని, గాజు మూత వెనుక బోర్డు మీది రంగురంగుల దీపాల మధ్య ఠీవిగా నిలబడిన పప్పుగుత్తిని చూస్తూ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాం.

"అంత ఖరీదు బోర్డు," అన్నాడు అతను ఊపిరి తీసుకుంటూ, "పప్పుగుత్తి లేకపోతే నిలబడలేకపాయె!"

"మరి రేపటి సంది పప్పు దేనితోని మెదపాలె?" అని ఆమె అడిగింది.

వరస తప్పడం నా స్వభావం కాదు. అయినా ఆదివారాన్ని చివరికి ఉంచి, సోమవారం సంగతి ముందు చెబుతాను. ఆ ఉదయం మా అధికారి గదికి వెళ్ళి సిఫారసు వెనక్కి తీసుకోవాలన్నాను. ఆయన టెక్సస్ మనిషి, మర్యాదస్తుడు, కాగితం లేనిదే కదలడు. దుకాణాల్లో అట్టలు వేలాడుతున్నాయని గుర్తుచేసి, ఆధారం అడిగాడు. మా మిత్రుడు అప్పటికే అదే రకం కొత్త బోర్డులు రెండింటిని పెట్టెల్లో నిలబెట్టి, మా దగ్గరున్న అత్యంత బరువైన కార్డులు తగిలించి ఉంచాడు. అధికారి కాఫీ తాగుతూ వాటి ముందు నిలబడ్డాడు. కప్పు ఖాళీ కాకముందే ఒకటి ఆగిపోయింది. ఆయన తెరను చూశాడు, నన్ను చూశాడు, తరవాత మా పాత పీటను చూసి పకపకా నవ్వాడు. "ఇన్నేళ్ళుగా దీన్ని మంచం మీద పరీక్షిస్తున్నామా!" అని ఇంగ్లీషులో అన్నాడు.

గాడిని విప్పి చూస్తే, ఆ తళతళలాడే ఉక్కు తొడుగు కాళ్ళు బోర్డులోకి సరిగ్గా దిగలేదు. అది నగలా తొడుక్కున్నదే తప్ప బరువు మోసేది కాదు. సిఫారసు అట్టలు ఆ వారమే దిగాయి. తయారీదారు తర్వాత గాడిని సరిచేసి, కొన్నవారికి బోర్డులు మార్చి ఇచ్చాడు. అప్పటి నుంచి మా ప్రయోగశాలలో ప్రతి బోర్డునూ నిలబెట్టి కూడా పరీక్షించారు. ఆ పరీక్షకు అధికారిక నామం ఒకటి పెట్టారు కాని దాన్ని ఎవరూ వాడలేదు. టెక్సస్ ఉచ్చారణలో "పాపూ గూటీ టెస్ట్" అయిందా అని మా అధికారి అడిగేవాడు.

మీలో ఈ రంగంలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. అంకెలను నమ్మండి, నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని అంకె, మీరు ఏది అడిగారో దానికే జవాబు చెబుతుంది. వస్తువును వాడేవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. వాళ్ళు టీ ఇస్తే ముందు అది తాగండి.

ఇక ఆదివారం. డబ్లిన్‌లోని ఆ హాలు నిండిపోయింది. దీపాలు తగ్గించారు. పట్టుచీర కట్టుకున్న మా వరంగల్ అమ్మాయి ప్రొజెక్టర్ బల్ల వెనుక నిలబడింది. పెన్‌డ్రైవ్ ఎవరి చేయి తగిలి ఊడిపోతుందోనని దాని చుట్టూ రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. తెర మీద విజయవాడ పెళ్ళిపందిరి వెలిగింది. సన్నాయి వినిపించింది. జనం నవ్వారు, ఈలలు వేశారు, అప్పగింతల దగ్గర ముక్కులు ఎగబీల్చారు. ఆమె మాత్రం తలెత్తలేదు. కళ్ళన్నీ ల్యాప్‌టాప్ తెర అడుగున కదులుతున్న సన్నటి గీత మీదే ఉన్నాయి. చిత్రం ముగిసి చప్పట్లు మోగినప్పుడు గాని ఊపిరి వదలలేదు.

దీపాలు వెలిగించబోతుంటే ముందు వరసలో నుంచి పెళ్ళికూతురి నాయనమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "ఆగండర్రా! నేను కళ్ళజోడు తుడుచుకునేలోగా తలంబ్రాలు అయిపోయాయి. మళ్ళీ వెయ్యండి!"

"మామ్మగారూ, గారెలు చల్లారిపోతాయండీ," అన్నాడు భోజనాల ఏర్పాటు చూస్తున్న ఆయన.

"చల్లారితే చల్లారనీ. గారెలు రేపైనా తింటాను."

హాలంతా "మళ్ళీ, మళ్ళీ" అంది. మా మిత్రుడు బల్ల వెనక్కి వచ్చి భార్యను మెల్లగా పక్కకు జరిపాడు. "నువ్వు పోయి తిను. పొద్దటి సంది ఏం తినలే. గీత సంగతి నేను చూస్త."

ఆమె పళ్ళెంలో నాలుగు గారెలు వేసుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. సన్నాయి మళ్ళీ మొదలైంది. గారె తుంచి నోట్లో పెట్టుకుని, తల పైకెత్తి తెర వైపు చూసింది. తలంబ్రాలు పచ్చగా, నిండుగా, తెర అంచుల దాకా కురిశాయి. నమలడం మరచిపోయింది. ముక్కలు ముక్కలుగా వారాల తరబడి కూర్చిన ఆ పెళ్ళిని ఆమె మొట్టమొదటిసారి చూస్తోంది.

మా ముందు వరసలోని ఇద్దరు స్త్రీలు వెనక్కి తిరిగారు. వాళ్ళలో ఒకామె, "ఈ వీడియో ఎవరు చేశారో మీకు తెలుసాండీ? వచ్చే నెల మా అబ్బాయి పెళ్ళి ఉంది" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోగా, నోటి నిండా గారె ఉండి మాట రాక, ఆమె తన ఎంగిలి చేతినే పైకెత్తింది.